లక్ష వోల్టుల కాయిల్ వేస్తే ఇంజిన్‌కు కొత్త బలం రాదు

టర్బో కార్లున్న కుర్రాళ్ల ఫోన్లలో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. "కంపెనీ కాయిళ్లు తీసేసి లక్ష వోల్టుల కాయిళ్లు వేయించండి, పదిహేను హార్స్‌పవర్ పెరుగుతుంది. స్పార్కు పెద్దది కావాలంటే ప్లగ్గు గ్యాప్ పెంచండి. డ్వెల్ ఎంత పెంచితే అంత మంచిది. ప్లగ్గు మీద కూర్చుంటే చాలు, ఏ కాయిల్ అయినా పనిచేస్తుంది" అని దాని సారాంశం. కాయిల్ అంటే బ్యాటరీ వోల్టేజిని బాగా పెంచి స్పార్కు ప్లగ్గుకు అందించే భాగం, గ్యాప్ అంటే ప్లగ్గు కొన దగ్గర స్పార్కు దూకే సందు. డ్వెల్ సంగతి కింద చెబుతాను. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్లు విప్పి బాగుచేయడం, ట్యూన్ చేయడం నా జీవనం. ఈ మాటలు నమ్మి మంచి ఇంజిన్లను పాడుచేసుకుని వస్తున్నవారిని చూస్తుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు లక్ష వోల్టుల సంగతి. డబ్బా మీద రాసిన సంఖ్య ఆ కాయిల్ ఇవ్వగల గరిష్ఠం మాత్రమే. కాయిల్‌లో రెండు తీగచుట్లు ఉంటాయి: బ్యాటరీ కరెంటు పారేది ప్రైమరీ, ప్లగ్గుకు వోల్టేజి ఇచ్చేది సెకండరీ. ప్రైమరీలో కరెంటు ఆగగానే సెకండరీలో వోల్టేజి పెరుగుతూ పోతుంది, గ్యాప్‌లో స్పార్కు దూకిన క్షణంలో ఆ పెరుగుదల ఆగిపోతుంది. ఇరవై వేల వోల్టులకే స్పార్కు దూకితే లక్ష వోల్టుల కాయిల్ కూడా అక్కడితోనే ఆగుతుంది. ఇక బలం వచ్చేది గాలీ పెట్రోలూ మండటం వల్ల. ప్రతిసారీ సరిగా అంటుకుంటున్న మిశ్రమానికి ఇంకా పెద్ద స్పార్కు ఇవ్వడం, మండుతున్న పొయ్యిలో మరో అగ్గిపుల్ల గీసి వేయడం లాంటిది. కాయిల్ మార్చాక పికప్ నిజంగా పెరిగిందంటే, అంతకుముందు ఇంజిన్ మిస్ కొడుతూ, అంటే మిశ్రమం అప్పుడప్పుడూ అంటుకోకుండా, ఉండి ఉంటుంది. పోయిన బలం తిరిగొచ్చింది, అంతే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది గ్యాప్ పెంచమనే సలహా. వాయువులో స్పార్కు దూకడానికి కావలసిన వోల్టేజి ఆ వాయువు పీడనాన్నీ గ్యాప్ దూరాన్నీ బట్టి ఉంటుందని జర్మన్ శాస్త్రవేత్త పాషెన్ 1889లోనే చూపించాడు. ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే టర్బో ఒక బార్ బూస్ట్, అంటే దాదాపు వాతావరణ పీడనమంత అదనపు పీడనం, ఇస్తే సిలిండర్‌లోకి వెళ్లే గాలి పీడనం దాదాపు రెట్టింపవుతుంది. మిగతావన్నీ అలాగే ఉంటే అదే గ్యాప్‌కు కావలసిన వోల్టేజి కూడా ఇంచుమించు రెట్టింపు. పైగా నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలినట్టు మండటం) రాకుండా టైమింగ్ వెనక్కి జరుపుతాం, అంటే స్పార్కు కాస్త ఆలస్యంగా పడేలా చేస్తాం కాబట్టి, స్పార్కు పడే వేళకు పిస్టన్ ఇంకా పైకి వచ్చి పీడనం మరింత పెరుగుతుంది. అందుకే బూస్ట్ పెంచిన ఇంజిన్‌లో గ్యాప్ తగ్గించాలి. 0.8 మిల్లీమీటర్లు ఉన్నచోట 0.6, 0.7 దగ్గర పెట్టడం మా పనిలో మామూలు.

పోయిన వేసవిలో గుంటూరు నుంచి ఒక అబ్బాయి బూస్ట్ పెంచిన టర్బో పెట్రోలు కారు తెచ్చాడు. "బాబాయ్, మూడో గేరులో పూర్తిగా తొక్కితే నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర ఎవరో వెనక్కి గుంజినట్టు కొడుతోంది. కాయిళ్లు రెండుసార్లు మార్చాను" అన్నాడు. ప్లగ్గులు విప్పి సందు కొలిచే ఫీలర్ గేజి పెట్టాను. 1.1 మిల్లీమీటర్ల పట్టీ అడ్డం లేకుండా జారిపోయింది. ఒక ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి వెంట్రుకంత సన్నని నల్లగీత ఉంది. కాయిల్ రబ్బరు తొడుగు లోపల కూడా సరిగ్గా అదే వరసలో మరో గీత. గ్యాప్ దాటలేని వోల్టేజి పింగాణీ అంచున పాకి ఇంజిన్ బాడీలోకి దిగిపోతోందని ఆ గీతలే చెప్పాయి. ఒక మెట్టు చల్లటి ప్లగ్గులు (వేడిని త్వరగా వదిలేవి) 0.65 దగ్గర వేసి, నాలుగు తొడుగులూ మార్చి, వారధి దాటి కాజ టోల్‌ప్లాజా దాకా నడిపి చూశాం. ఒక్కసారి కూడా మిస్ కాలేదు. అతను మొదట తీసేసిన కంపెనీ కాయిళ్లే మళ్లీ పెట్టాం.

డ్వెల్ అంటే ప్రైమరీలో కరెంటు నిండే సమయం. ఎక్కువ నింపితే ఎక్కువ శక్తి అన్న మాట కొంతవరకే నిజం. కాయిల్ లోపలి ఇనుము అయస్కాంతపరంగా సంతృప్తమయ్యాక అదనపు కరెంటు చాలావరకు వేడిగానే పోతుంది. రాగి 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కితే దాని నిరోధం సుమారు 30 శాతం పెరుగుతుంది. మే నెల విజయవాడ ఎండలో, టర్బో పక్కన ఉన్న కాయిల్‌కు ఆ వేడి కొత్త కాదు. ఇంతకన్నా ప్రమాదం మరొకటి ఉంది. కొన్ని కాయిళ్లలో కరెంటు హద్దు దాటగానే లోపలి సర్క్యూట్ దానంతట అదే కరెంటు తెంచేస్తుంది. తెంచిన క్షణంలోనే స్పార్కు పడుతుంది, అదీ ఇంజిన్ కంప్యూటరు, అంటే ఈసీయూ, చెప్పిన వేళకు ముందే. బూస్ట్‌లో అలా ముందుగా అంటుకుంటే పిస్టన్‌కే ముప్పు.

సరైన పద్ధతి బ్యాటరీ వోల్టేజిని బట్టి ఈసీయూలోని డ్వెల్ పట్టిక నింపడం. అదే డ్వెల్‌తో వోల్టేజి 14 నుంచి 12కు పడితే కాయిల్‌లో నిండే శక్తి పావు వంతుకు పైగా తగ్గుతుంది, 10కి పడితే దాదాపు సగమవుతుంది. ప్లగ్గుకో కాయిల్ ఉన్న ఇంజిన్‌లో 6,000 ఆర్‌పీఎం దగ్గర స్పార్కుకూ స్పార్కుకూ మధ్య 20 మిల్లీసెకన్లు దొరుకుతాయి. మూడు మిల్లీసెకన్లు చాలే కాయిల్‌కు ఎనిమిది ఇచ్చి కాల్చుకోవడం ఎందుకు?

ఏ కాయిల్ అయినా సరిపోతుందన్న మాటకు జవాబు చిన్నదే. కొన్ని కాయిళ్లలో ప్రైమరీ కరెంటును కలిపి తెంచే స్విచ్చు, అంటే ఇగ్నైటర్, లోపలే ఉంటుంది, ఈసీయూ నుంచి చిన్న సిగ్నల్ చాలు. కొన్నింటికి అది బయట ఉండాలి. ఒకదాని చోట మరొకటి బిగిస్తే కాయిల్ పనిచేయకపోవచ్చు, లేదా ఈసీయూ కాలిపోవచ్చు. డీజిల్ కారుకూ కాయిల్ వేయమని అడిగినవారు ఉన్నారు. డీజిల్ నలిగిన గాలి వేడికే అంటుకుంటుంది, దానికి స్పార్కు ప్లగ్గే ఉండదు.

పెద్ద కాయిల్ నిజంగా అవసరమయ్యే ఇంజిన్లు లేకపోలేదు. బూస్ట్ బాగా పెంచి, గ్యాప్ సరిచేసి, కొత్త ప్లగ్గులు వేసి, డ్వెల్ తయారీదారు చెప్పినంత ఇచ్చాక కూడా బూస్ట్‌లోనే మిస్ అవుతుంటే అప్పుడు మార్చండి. మార్చేముందు ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉన్న ఎర్త్ తీగ ఒకసారి విప్పి చూడండి. నట్టు కింద పచ్చటి తుప్పు కనిపిస్తే, దాన్ని గీకి శుభ్రంగా బిగించి బండి మళ్లీ నడిపి చూశాకే కొత్త కాయిళ్ల ధర అడగండి.