థెరపీకి మూడొందల కిలోమీటర్లా?

పొద్దున ఎనిమిదింటికి హైదరాబాద్‌లో ఏ పెద్దాసుపత్రి ఓపీ ముందు నిలబడినా, రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుంది. తల్లి భుజమ్మీద ఆరేడేళ్ల పిల్లవాడు, తల ఒక పక్కకు వాలి ఉంటుంది. ఆమె చేతిలో పాలిథిన్ కవరు. అందులో స్కానింగ్ ఫిల్ములు, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సు, మడతలు చిరిగిన పాత ఓపీ చీటీలు. ఇంకో సంచిలో బాబు మింగగలిగేలా మెత్తగా పిసికిన అన్నం. తండ్రి కనబడడు. ఇద్దరూ వస్తే రెండు కూలీలు పోతాయి. వంతు వచ్చాక వినిపించే మాట చాలావరకు ఒకటే: 'ఎక్సర్‌సైజులు రోజూ చేయించమ్మా, నెల తర్వాత రా.'

డాక్టరు చెప్పింది తప్పు కాదు. సెరిబ్రల్ పాల్సీ, అంటే ఎదిగే మెదడు దెబ్బతిని కాళ్లూచేతులూ అదుపులో ఉండని స్థితి, ఉన్న బిడ్డకు చాలావరకు కావాల్సింది ఒక ఇంజెక్షనో, ఒక ఆపరేషనో కాదు. బిగుసుకుపోయే కాళ్లను సాగదీసేవాళ్లు, ముద్ద మింగడం నేర్పేవాళ్లు, మాట పలికించేవాళ్లు వారం వారం కావాలి, అదీ ఏళ్ల తరబడి. కాళ్లకు కట్టే స్ప్లింట్లు కూడా ఒకసారి ఇస్తే అయిపోయేవి కావు. పాదం పెరుగుతుంది, స్ప్లింట్ పెరగదు. ఇదంతా ఆదిలాబాద్ నుంచి మూడొందల కిలోమీటర్లు వచ్చి చేయించుకోమంటే ఎవరి తరం?

మన వైద్య వ్యవస్థ జబ్బును ఒక్కసారి వచ్చి పోయే గండంలా చూస్తుంది. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు, సంతోషమే. పుట్టు చెవుడున్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ కూడా ఆరోగ్యశ్రీలో జరుగుతోంది. కానీ ఆపరేషన్‌తో చెవికి శబ్దం చేరుతుంది గానీ నోటికి మాట రాదు. అది అమ్మ గొంతా, కుక్కర్ విజిలా అని బిడ్డకు తెలియాలన్నా నెలల తరబడి శిక్షణ ఇప్పించాలి. ఊళ్లో ఆ శిక్షణ ఇచ్చేవాళ్లు లేకపోతే లక్షలు పోసిన పరికరం కాస్తా అలమరాలోకి చేరుతుంది.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. ప్రభుత్వం నిర్ణయించే ఆదాయ పరిమితికి లోబడి, ముఖ్యంగా పల్లెల్లో, వీరికి నివాసానికి దగ్గరలోనే ఉచిత వైద్యం అందించాలని అందులోని 25వ సెక్షన్ చెబుతోంది. చికిత్సలో ప్రాధాన్యం ఇవ్వాలనీ అంటోంది. ఓపీ క్యూలో పిల్లవాణ్ని ఎత్తుకుని రెండు గంటలు నిలబడ్డ తల్లికి ఈ మాట ఎవరూ చెప్పలేదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ, బడులకూ వెళ్లి పిల్లల్ని పరీక్షిస్తున్నాయి. సమస్యను పట్టుకుంటున్నాయి. తర్వాతి దారే సన్నగిల్లుతోంది. రిఫరల్ చీటీ రాసిచ్చేస్తే బాధ్యత తీరినట్టే అనుకుంటే, ఆ చీటీ పట్టుకుని ఏ ఊరి బస్సెక్కాలో కుటుంబమే తేల్చుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లేమో 'వాళ్ల మేనమామకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, తొందరెందుకు' అంటారు. ఒక్కోసారి అది నిజమే కావడం ఇంకో చిక్కు. ఎదుగుదల లోపానికి చికిత్స బాగా పనిచేసేది మొదటి మూడేళ్లలోనే. ఆ మూడేళ్లూ ఈ ఊగిసలాటలోనే గడిచిపోతున్నాయి.

బస్సు ఉచితం కదా అనవచ్చు. మహాలక్ష్మి పథకం వచ్చాక తల్లికి జీరో టికెట్ దొరుకుతున్న మాట నిజం, అది చిన్న ఊరట కాదు. కానీ బస్టాండు నుంచి ఆసుపత్రికి ఆటో, మధ్యాహ్నం తిండి, పోయిన కూలీ? పిల్లవాడు పెరిగేకొద్దీ అతన్ని ఎత్తుకుని కిక్కిరిసిన బస్సు మెట్లెక్కడమే ఆమె వల్ల కాదు. చాలామంది థెరపీ మానేసేది అక్కడే.

దీనికి కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. వారానికి రెండు మూడు సార్లు తప్పనిసరైన డయాలసిస్ కోసం ఒకప్పుడు కిడ్నీ రోగులు నగరంలోనే గది అద్దెకు తీసుకుని ఉండేవారు. పదే పదే అవసరమయ్యే చికిత్సను రోగి దగ్గరకు తీసుకెళ్లాలని ప్రభుత్వానికి అర్థమయ్యాకే జిల్లాల్లో, ఏరియా ఆసుపత్రుల్లో డయాలసిస్ కేంద్రాలు తెరిచారు. థెరపీ కూడా అలాంటిదే. దానికి అంత ఖరీదైన యంత్రాలు కూడా అక్కర్లేదు. ఒక గది, నాలుగు చాపలు, జీతం సక్రమంగా అందే ఒక ఫిజియోథెరపిస్టు, ఒక స్పీచ్ థెరపిస్టు చాలు.

మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం విద్యాశాఖ నడిపే భవిత కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. ఫిజియోథెరపిస్టు వారానికి ఒక రోజు వచ్చిపోయే చోట కనీసం మూడు రోజులు ఉండేలా చూడాలి. వారి జీతం విద్యాశాఖ ఇవ్వాలా, వైద్య శాఖ ఇవ్వాలా అన్నది సచివాలయంలో తేల్చుకునే విషయం, అందుకు పిల్లలు ఆగరు. దాదాపు ప్రతి జిల్లాకూ వచ్చిన ప్రభుత్వ మెడికల్ కాలేజీల పిల్లల డాక్టర్లు నెలకోసారి ఆ కేంద్రాలకు వెళ్లి రావచ్చు. తల్లులకూ, ఆశా కార్యకర్తలకూ ఇంటి దగ్గరి వ్యాయామాలు నేర్పడానికి 1984 నుంచి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉన్న, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ (ఎన్ఐఈపీఐడీ) సాయం అడగవచ్చు.

ఇక ప్రయాణం. గర్భిణులను పరీక్షలకు తీసుకెళ్లి ఇంటి దగ్గర దించడానికి 102 వాహనాలు తిరుగుతున్నాయి. థెరపీ ఉన్న రోజున అదే దారిలో ఈ పిల్లల్నీ, తోడు వచ్చే తల్లినీ ఎక్కించుకోవాలని ఒక ఉత్తర్వు ఇస్తే, వచ్చే నెల నుంచే మొదలుపెట్టవచ్చు.