అమ్మా, నిదానమే ప్రధానం

లండన్‌లోని నేషనల్ థియేటర్‌కి 2025లో ఇందు రూబసింగం డైరెక్టర్ అయ్యారు. షెఫీల్డ్‌లో పుట్టిన మనిషి, తల్లిదండ్రులు శ్రీలంక తమిళులు. ఆ కుర్చీలో ఒక మహిళ కూర్చోవడం ఇదే మొదలు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం టెన్షన్ పడ్డాను. ఆ సంస్థ పుట్టింది 1963లో. లెక్కేస్తే 62 ఏళ్లు. ఇంకా పళ్లు ఊడలేదు, చేతికి కర్ర రాలేదు. అప్పుడే ఇంత పెద్ద నిర్ణయమా?

అయినా బ్రిటిష్ వాళ్లు ఎంత జాగ్రత్తపరులో చూడండి. కొత్త కుర్చీ. కాళ్లు గట్టివో కావో ఎవరికి తెలుసు? అందుకని ముందు మహానటుడు లారెన్స్ ఒలీవియర్ కూర్చుని చూశారు. తర్వాత పీటర్ హాల్ పదిహేనేళ్లు కూర్చుని చూశారు. రిచర్డ్ ఎయిర్, ట్రెవర్ నన్, నికొలస్ హైట్నర్, రూఫస్ నోరిస్ కూడా తలా కొన్నేళ్లు కూర్చుని, అటూ ఇటూ ఊపి, పరవాలేదు అనుకున్నాకే ఏడోసారి ఆడమనిషిని పిలిచారు. ఈ త్యాగాన్ని ఎవరైనా గుర్తించారా? మొదటి అయిదుగురికీ సర్ బిరుదులిచ్చి సరిపెట్టారు.

నేను స్త్రీలకు వ్యతిరేకిని కాను. మా ఇంట్లోనే ఒకావిడ ఉన్నారు. ఆవిడ పర్మిషన్ తీసుకునే ఇది రాస్తున్నాను.

ఈ నిదానం ఇంగ్లిష్ నాటకరంగానికి కొత్త కాదు. షేక్‌స్పియర్ రోజుల్లో జూలియెట్ అయినా, క్లియోపాత్రా అయినా మీసాలు రాని కుర్రాళ్లే వేసేవారు. స్థానం నరసింహారావు గారి సత్యభామకు దణ్ణం పెట్టిన తాతలకు మనవలం కాబట్టి ఇందులో మనకు వింతేమీ లేదు. చిక్కల్లా ఆ కుర్రాళ్లకి మీసాలు వచ్చేదాకా వేషం కొనసాగడంతోనే. రెండో చార్లెస్ రాజు ఓసారి నాటకానికి వచ్చి కూర్చుంటే ఎంతకీ మొదలవలేదట. ఏమిటి సంగతని అడిగితే, ‘ప్రభూ, రాణిగారి గడ్డం గీయడం ఇంకా అవలేదు’ అన్నారని ఒక కథ చెప్పుకుంటారు. అదే రాజు హయాంలో, 1660 డిసెంబర్ 8న, లండన్‌లో ‘ఒథెల్లో’ నాయిక డెస్డిమోనాగా ఒక మహిళ స్టేజీ ఎక్కింది. తేదీ రాసిపెట్టారు. పాత్ర పేరు రాసిపెట్టారు. ఆవిడ పేరు రాయడం మర్చిపోయారు. ఇప్పటికీ పండితులు ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పి వాదించుకుంటున్నారు. పేరు రాసేస్తే ఈ పండితులకు పనేముంటుంది? ముందుచూపు అంటే అదీ.

పేరు దగ్గర ఇంత పొదుపు పాటించిన దేశంలో లిలియన్ బేలిస్ గారి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. థేమ్స్ నదికి దక్షిణాన, పెద్దమనుషులు అడుగుపెట్టని పేటలో ఓల్డ్ విక్ అనే పాత నాటకశాల ఉండేది. దాన్ని 1880లో ఈవిడ తల్లికి తోబుట్టువైన ఎమ్మా కాన్స్ మందు అమ్మని వినోదశాలగా మార్చింది. సారాకి బదులు కాఫీ. 1912లో ఆవిడ పోయాక తాళంచెవులు బేలిస్ చేతికొచ్చాయి. చేతిలో డబ్బు లేదు. ఉన్నదల్లా దేవుడి మీద నమ్మకం, నటులకు జీతం ఇవ్వాల్సి వచ్చినప్పుడు బిగుసుకుపోయే గుప్పిలి. ‘దేవుడా, మంచి నటుణ్ని పంపు, కాస్త చవగ్గా’ అని ప్రార్థించేదని ఇప్పటికీ నవ్వుకుంటూ చెబుతారు. వింగ్ పక్కనే పొయ్యి పెట్టుకుని సాసేజ్‌లు వేయించేదట. ఊహించుకోండి. స్టేజీ మీద లియర్ మహారాజు తుఫానులో తడుస్తూ బిడ్డల్ని శపిస్తుంటాడు. పక్కనుంచి చుయ్‌మని తాలింపు చప్పుడు. ముందు వరసలకు కమ్మటి వాసన. రాజుగారి కన్నీళ్లలో సగం పొగవల్లే వచ్చాయన్నా కాదనలేం.

ఆ పొగలోనే 1914 నుంచి 1923 లోపు షేక్‌స్పియర్ తొలి సంపుటంలోని 36 నాటకాలూ ఆడించి పారేసింది. అంతకుముందు ప్రపంచంలో ఏ థియేటరూ చేయని పని. చాలదని 1931లో సాడ్లర్స్ వెల్స్ అనే ఇంకో థియేటర్ కూడా తెరిచింది. ఆవిడ పెంచిన నృత్యబృందమే తర్వాత రాయల్ బాలే అయింది. సంగీతబృందం ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా అయింది. నాటకాల ఇల్లు నేషనల్ థియేటర్‌కి పుట్టిల్లయింది. 1963లో ఒలీవియర్ గారు కాపురం పెట్టింది ఓల్డ్ విక్‌లోనే. పదమూడేళ్ల తర్వాత గానీ సొంతింటికి మారలేదు.

ఇక ఆ సొంతింట్లో మూడు హాళ్లు. ఒకటి ఒలీవియర్. ఒకటి లిటిల్టన్, బోర్డుకు మొదటి ఛైర్మన్ అయిన ప్రభువుగారి పేరు. మూడోదానికి కాటెస్లో అని ఇంకో ప్రభువుగారి పేరు పెట్టారు. 2014లో దాన్ని తీసేశారు. ఇప్పుడైనా బేలిస్ పేరు పెడతారేమో అని మీరు అనుకుని ఉంటారు. మీకు తొందర ఎక్కువ. పది మిలియన్ పౌండ్లు విరాళమిచ్చిన డోర్ఫ్‌మన్ గారి పేరు పెట్టారు. బేలిస్ గారికి మాత్రం అన్యాయమేం జరగలేదు. ఓల్డ్ విక్ పక్కన రోడ్డుకు ఆవిడ పేరుంది. దాని మీద నడవడానికి టికెట్ కూడా అక్కర్లేదు. సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్లు ఊరికే అంటుంటారు గానీ, ఇక్కడ సాసేజ్ కూడా ఆవిడదే.

1976లో తెరిచిన ఆ ఒలీవియర్ హాల్లో బతికున్న మహిళ రాసిన కొత్త నాటకం మొదటిసారి ఆడింది 2008లో. రెబెకా లెంకివిచ్ రాశారు. ఓటుహక్కు కోసం పోరాడిన ఆడవాళ్ల కథ. ‘బతికున్న’ అనే మాటను దయచేసి గమనించండి. రచయిత్రి బతికుంటే రిహార్సల్‌కి వస్తుంది, ఈ డైలాగ్ ఎందుకు తీసేశారని అడుగుతుంది. 32 ఏళ్లు ఆలోచించడంలో తప్పేముంది?

అవతల అగాథా క్రిస్టీ నాటకం ‘మౌస్‌ట్రాప్’ 1952లో మొదలై, కోవిడ్‌కి తప్ప దేనికీ ఆగకుండా నడుస్తోంది. కొన్ని నెలలు ఆడితే గొప్ప అనుకుందావిడ. హక్కులు మనవడికి పుట్టినరోజు కానుకగా ఇచ్చేసింది. ఆడవాళ్లకు డబ్బు వ్యవహారం తెలియదని ఎవరైనా అంటే ఆ మనవణ్ని అడగండి.

పేర్ల విషయంలో లండన్ థియేటర్ల పేట వెస్ట్ ఎండ్ మరీ దూకుడుగా పోతోందని నా అనుమానం. 2018లో న్యూ లండన్ థియేటర్ పేరు తీసేసి జిలియన్ లిన్ థియేటర్ అని పెట్టారు. 1981లో అదే స్టేజీ మీద ‘క్యాట్స్’ అనే మ్యూజికల్‌కి స్టెప్పులు కంపోజ్ చేసిందావిడ. రాణివాసానికి చెందని ఒక స్త్రీ పేరు వెస్ట్ ఎండ్ థియేటర్‌కి పెట్టడం అదే మొదటిసారి. అప్పటికి ఆవిడకి 92 ఏళ్లు. బోర్డు పెట్టిన కొద్ది రోజులకే కన్నుమూసింది. ఇంకా నయం, సమయానికి పెట్టారు. ఆ మరుసటి ఏడే క్వీన్స్ థియేటర్ పేరును స్టీఫెన్ సాండ్‌హైమ్ అనే సంగీతకర్త పేరిట సాండ్‌హైమ్ థియేటర్‌గా మార్చి బ్యాలెన్స్ చేశారు. 2023లో రాజుగారి పట్టాభిషేకంతో హర్ మెజెస్టీస్ థియేటర్ హిజ్ మెజెస్టీస్ అయింది. ఇంగ్లిష్‌లో మొదటి అక్షరం ఎలాగూ ఒకటే కాబట్టి బోర్డు మీద రెండక్షరాలు మారిస్తే పనైపోయింది. బేలిస్ ఉంటే ఈ ఖర్చు చూసి ముచ్చట పడేది.

షేక్‌స్పియర్ నాటకశాలకు నకలుగా కట్టిన గ్లోబ్ వాళ్లది ఇంకో పద్ధతి. ఆయన కాలంలో ఎలా ఉండేదో అలాగే ఉండాలని పైకప్పు కూడా గడ్డితో వేయించారు. 2016లో ఎమ్మా రైస్ డైరెక్టర్‌గా వచ్చి లైట్లు, స్పీకర్లు బిగించింది. జనం వచ్చారు. టికెట్లు బాగా పోయాయని బోర్డే ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే అదే ఏడాది, ఈ లైట్లు మాకొద్దు, 2018లో మీరు దయచేయండి అంది. షేక్‌స్పియర్ కాలంలో కరెంటు లేని మాట నిజమే. స్టేజీ మీద ఆడవాళ్లూ లేరు. ఆ సంప్రదాయం జోలికి పోనందుకు బోర్డుకి చేతులెత్తి మొక్కాలి. పైగా ఆ సీటు మళ్లీ మహిళకే, నటి మిషెల్ టెరీకే ఇచ్చారు. ఆవిడ వస్తూనే హామ్లెట్ వేషం తనే వేసేసుకుంది. కుర్రాళ్లు క్లియోపాత్రా వేసినన్నాళ్లూ కిక్కురుమనని శాస్త్రం ఇప్పుడు గుర్తొస్తోంది కొందరికి.

షేక్‌స్పియర్ కాలంలో సరైన మరుగుదొడ్లూ లేవు. ఈ సంప్రదాయాన్ని మాత్రం వెస్ట్ ఎండ్‌లో చాలా థియేటర్లు సగం వరకు నిలబెట్టాయి. ఆడవాళ్ల సగం. అవి ఎక్కువగా వందేళ్లు దాటిన కట్టడాలు. ప్రేక్షకుల్లో మహిళలే ఎక్కువన్న సంగతి ఆ గోడలకు తెలియదు.

ఓ సాయంత్రం మేమిద్దరం వెళ్లాం. ఇంటర్వెల్ ఇచ్చారు. నా పని నిమిషంలో అయిపోయింది. రెండు ఐస్‌క్రీమ్ కప్పులు కొని, మూతలో దాచిన చిన్న చెంచా బయటికి లాగుతూ ఆవిడ కోసం చూశాను. ఆడవాళ్ల లైను మెట్లు దిగి, మలుపు తిరిగి, బార్ పక్కనుంచి నా దాకా వచ్చింది. అందులో ఇరవయ్యో ముప్ఫయ్యో మనిషి మా ఆవిడ.

“ఏమండీ, మీరెళ్లి కూర్చోండి. ఇది ఇప్పట్లో కదిలేలా లేదు” అంది.

వెళ్లి కూర్చున్నాను. నాది తిన్నాను. రెండోది కరిగిపోతుంటే మనసొప్పక అదీ తిన్నాను. బెల్లు మోగింది, లైట్లు ఆరాయి, నాటకం మొదలైంది. పది నిమిషాల తర్వాత చీకట్లో అందరి కాళ్లూ తొక్కుకుంటూ వచ్చి కూర్చుని, చెవిలో “ఏమైంది?” అంది.

నాటకం రాసింది ఒకావిడ. దర్శకత్వం ఇంకొకావిడ. నెల ముందే ఆన్‌లైన్‌లో టికెట్లు బుక్ చేసింది ఈవిడ. కథ ఏమిటో, అందులో అంతరార్థం ఏమిటో మాత్రం నేను వివరంగా చెప్పడం మొదలుపెట్టాను. వెనక వరస నుంచి ఎవరో ‘ష్’ అన్నారు.

ఆవిడనే అయి ఉంటుంది.