ట్రక్ డ్రైవర్ రాబర్ట్ గ్రే సంగతి మర్చిపోయారా?

పేరు తెలియని వాడు, చేతిలో డబ్బు లేని వాడు అమెరికాలో గవర్నర్ ప్రైమరీలో (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకోడానికి పెట్టే ఓటింగ్లో) నిలబడటం టైమ్ వేస్ట్ అని తేల్చేశారు ఈ ఆర్టికల్లో. (గవర్నర్ అంటే మన దగ్గరలా రాష్ట్రపతి పంపించే పోస్టు కాదు లెండి అక్కడ, ముఖ్యమంత్రి లాంటిది.) 2015లో మిసిసిపీ రాష్ట్రంలో డెమొక్రటిక్ పార్టీ ప్రైమరీ ఒకసారి చూడండి సార్. రాబర్ట్ గ్రే అని ట్రక్ డ్రైవర్, ప్రచారం లేదు, ఖర్చు లేదు, ఇంట్లో వాళ్ళమ్మకి కూడా చెప్పలేదు, ఆవిడ ఓటెయ్యడానికి వెళ్తే బ్యాలెట్ మీద కొడుకు పేరు కనపడిందట! ఇంకా కామెడీ ఏంటంటే ఆయన పనిలో బిజీగా ఉండి ఆ రోజు తన ఓటే తను వేసుకోలేదు. అయినా విక్కీ స్లేటర్ అనే లాయర్ని, వాలెరీ షార్ట్ అనే డాక్టర్ని ఓడించి, సగానికి పైగా ఓట్లు రావడంతో రనాఫ్ (రెండో విడత పోటీ) కూడా లేకుండా గెలిచేశాడు.

అక్షర క్రమంలో పేరు ముందుంది, ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఒక్కడే మగాడు, అందుకే పడ్డాయి అన్నారు చాలామంది. కావచ్చు. నాకైతే ఎవరూ పట్టించుకోని ఎలక్షన్లో జనం లిస్టులో పైన ఏది కనపడితే దానికి టిక్కు పెట్టేసి వచ్చారనిపిస్తుంది, మన దగ్గర గుర్తు చూసి గుద్దేసి రావట్లా, అలాగే.

నవంబర్లో అసలు ఎన్నికలో మాత్రం అప్పటి రిపబ్లికన్ గవర్నర్ ఫిల్ బ్రయంట్ చేతిలో చిత్తుగా ఓడిపోయాడు, 32 శాతం దాకా వచ్చాయి అంతే. ఆ 32 కూడా లారీ తోలుకునే మనిషికి ఊరికే వస్తాయా చెప్పండి?