తాళమేసి చాయ్‌కి పోతే

యాసంగి కోతలప్పుడు మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్ల వరుస చూసినవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువ కింది పచ్చి సన్నాలన్నీ ఒకేసారి రోడ్డెక్కుతాయి. ఏరికోరి ఆ రోజుల్లోనే నేనొక మిల్లు డేటాబేస్‌కు రెప్లికా, అంటే అసలుతోపాటే మారుతుండే నకలు, పెట్టడానికి కూర్చున్నాను. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి ఆఫీసులోంచే సేటు లెక్కలు చూసుకోవాలట.

పని చిన్నదే. ఆ డేటాబేస్‌ను నడిపే మైఎస్‌క్యూఎల్‌లో 'ఫ్లష్ టేబుల్స్ విత్ రీడ్ లాక్' కొట్టి తాళం వేయాలి, జరిగిన ప్రతి మార్పునూ వరసగా రాసుకునే బిన్‌లాగ్ ఏ ఫైలులో ఏ పొజిషన్ దగ్గరుందో రాసుకోవాలి, కాపీ తీయాలి, తాళం తీయాలి. టేబుళ్లన్నీ ఇన్నోడీబీ రకానివైతే, కాపీ తీసే డంప్ కమాండ్‌కు 'సింగిల్ ట్రాన్సాక్షన్' అని ఒక్క మాట చేర్చి, రెప్పపాటు తాళంతో గట్టెక్కేవాణ్ణి. మా కాంటా టేబుల్ పాతకాలపు మైఐసామ్ రకం. దానికి పనులన్నిటినీ ఒక్క మూటగా కట్టే ట్రాన్సాక్షనంటే ఏందో తెలియదు.

లాక్ వేశాను. పొజిషన్‌ను ఒక కాంటా చిట్టీ వెనక రాసుకున్నాను. ఇంతలో బయట చాయ్ బండి మీంచి మిర్చీల వాసన. కమాండ్ కొట్టిన నల్ల స్క్రీన్ మూస్తే తాళం దానంతటదే ఊడిపోతుంది కాబట్టి తెరిచే ఉంచి, "తమ్మీ, దీన్ని ముట్టకు" అని కాంటా పిల్లాడికి చెప్పి పోయాను.

నాలుగో మిర్చి దగ్గర ఫోన్. "అన్నా, పాత చిట్టీలన్నీ కనవడుతున్నయి. కొత్తది సేవ్ అయితలేదు. గుండ్రంగ తిరుగుతనే ఉంది."

రీడ్ లాక్ అంటే అదే మరి. చదువుకోనిస్తుంది, రాయనివ్వదు. రాయాలనుకున్నవాడు ఆగాలి. ఎంతసేపు? మైఎస్‌క్యూఎల్ పెట్టుకున్న గడువు 3,15,36,000 సెకన్లు, అంటే సరిగ్గా ఏడాది. వచ్చే యాసంగి దాకా దానికి ఓపికుంది. కాంటా మీద ట్రాక్టర్ ఆపుకున్న పెద్దాయనకు లేదు.

చేతులు కడుక్కొని ఉరికేసరికి ప్రింటర్ కరకరమంటూ చిట్టీలు కక్కుతోంది. "సెట్ అయిందన్నా! స్లో ఉందని తెరిచినవన్నీ మూసేసిన" అన్నాడు పిల్లాడు. అన్నీ అంటే అన్నీ. అంతకుముందు సేవ్ బటన్ తొమ్మిదిసార్లు నొక్కాడట. లైన్లో నిలబడ్డ ఆ తొమ్మిదీ తాళం ఊడగానే లోపలికి దూరాయి.

పెద్దాయన చిట్టీలు లెక్కపెట్టుకున్నాడు. "తొమ్మిది ట్రాక్టర్లూ నావేనా? పైసలెప్పుడిస్తరు సారూ?" ఎనిమిది రికార్డులు డిలీట్ చేయడానికి అర నిమిషం పట్టింది, ఆయన చేతిలోంచి ఎనిమిది చిట్టీలు వెనక్కి తీసుకోవడానికి ఇంకో చాయ్ పట్టింది.

రాత్రి కాంటా మూసాక తీరిగ్గా కాపీ తీసి, నల్లగొండ కంప్యూటర్లోకి ఎక్కించి, మధ్యాహ్నం చిట్టీ వెనక రాసుకున్న పొజిషన్ నుంచి అందుకోమన్నాను. అందుకుంది, ఆగింది. ఎర్రర్ 1062, ఈ రికార్డు ఇప్పటికే ఉందట. ఏ రికార్డా అని చూశాను.

పెద్దాయన మొదటి ట్రాక్టర్.