చావడం కూడా సరిగ్గా తెలియని జవాన్లు

ముందే చెప్తున్నా, ఈ దేశంలో జవాన్లకి గుర్తింపు లేదని పొద్దున లేస్తే గుండెలు బాదుకునే బ్యాచ్‌తో నాకు అస్సలు పడదు. తప్పు జనాలది కాదు, మీడియాది అసలే కాదు. తప్పంతా జవాన్లదే. ఎక్కడ చావాలో తెలీదు, ఎప్పుడు చావాలో తెలీదు, పోయేలోపు ఒక మంచి ఫోటో దిగి పెట్టుకోవాలన్న ఇంగితం కూడా ఉండదు, మళ్ళీ మనం ఏడవలేదని మన మీదే నింద. అందుకే నలుగురి మేలు కోరి, ఈ విషయంలో నాకు తోచిన నాలుగు సూచనలు చేద్దామని కూర్చున్నా.

మొట్టమొదటి సమస్య లొకేషన్.

2018 ఫిబ్రవరి 24న శ్రీదేవి దుబాయ్ హోటల్లో పోయింది. మన శ్రీదేవి, నాకూ బాధేసింది, ఆ రాత్రి పాత పాటలు పెట్టుకుని రెండింటిదాకా పడుకోలేదు, అది వేరే సంగతి. బాత్‌టబ్ అనే వస్తువు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది ఇళ్ళల్లో ఉందో గానీ ఆ వారం మాత్రం టీవీ ఉన్న ప్రతి ఇంట్లో ఒక బాత్‌టబ్ ఉంది. గ్రాఫిక్స్ టబ్, అందులో గ్రాఫిక్స్ నీళ్ళు, పక్కన బాణం గుర్తు. మన తెలుగు రిపోర్టర్ ఒకాయనైతే ఇవన్నీ ఎందుకని మైకు పట్టుకుని తనే టబ్‌లో పడుకుని మరీ చూపించాడు. జర్నలిజంలో అంత లోతుకి దిగడం ఇంకెవరి వల్లా కాదు.

ఇప్పుడు సియాచిన్ సంగతి చూడండి. 2016 ఫిబ్రవరి 3న దాదాపు 19,600 అడుగుల ఎత్తులో ఒక పోస్టు మీద మంచు విరిగిపడి 19 మద్రాస్ బెటాలియన్ వాళ్ళు పదిమంది కూరుకుపోయారు. అక్కడికి లైవ్ ఇచ్చే ఓబీ వ్యాన్ ఎలా ఎక్కుతుందండీ? పార్కింగ్ ఎక్కడ? రిపోర్టర్ మంచులో పడుకుని చూపిద్దామంటే ఆయన కోసం మళ్ళీ ఇంకో టీమ్‌ని పంపాలి. ఏదో ఆ హనుమంతప్ప అనే ధార్వాడ్ జిల్లా ఆయన ఆరు రోజులు మంచు కింద ప్రాణాలతో ఉండి బయటపడ్డాడు కాబట్టి సరిపోయింది, అది ట్విస్టు, దానికి టీఆర్పీ ఉంటుంది, ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆర్మీ హాస్పిటల్లో ఆయన కన్నుమూసేదాకా దేశం మొత్తం టీవీ ముందు నుంచి లేవలేదు. మిగతా తొమ్మిది మందిలో ఒకడు మనోడే. అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె, పేరు ముస్తాక్ అహ్మద్. ఎప్పుడైనా విన్నారా? నేను కూడా ఇది రాద్దామని వెతికితేనే దొరికాడు, సిగ్గుపడాల్సింది పోయి నాకు అతని మీదే కోపమొచ్చింది. కనీసం రెండు రోజులన్నా సస్పెన్స్‌లో పెట్టకపోతే మేం ఎలా గుర్తుపెట్టుకునేది నాయనా.

రెండోది టైమింగ్. ఇందులో మనవాళ్ళు మరీ పూర్.

2020 జూన్ 14, ఆదివారం. బాంబేలో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ పోయాడు. చిన్న వయసు, మంచి నటుడు, ఆ అబ్బాయిని అనేదేం లేదు. జూన్ 15 రాత్రి లడఖ్ గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణ. ఒక్క రోజు గ్యాప్! మన డిస్ట్రిబ్యూటర్లని ఎవరినన్నా అడగండి, పెద్ద సినిమా పడిన మర్నాడే ఇంకో రిలీజ్ పెట్టుకుంటారా ఎవరైనా? మర్నాడు మధ్యాహ్నం మనవాళ్ళు ముగ్గురు పోయారన్నారు, రాత్రికి ఇరవై మంది అన్నారు. తుపాకీ పేలలేదు, రాళ్ళు, మేకులు కొట్టిన రాడ్లు, గడ్డకట్టే చలి. వాళ్ళని ముందుండి నడిపించింది మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినాయన, 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్.

నిజం నిజమే చెప్పుకోవాలి, సంతోష్ బాబు విషయంలో తెలంగాణ ప్రభుత్వం బాగా చేసింది. 5 కోట్లు, భార్యకి గ్రూప్-1 ఉద్యోగం, బంజారాహిల్స్‌లో స్థలం, ఏడాది తిరిగేసరికి సూర్యాపేటలో విగ్రహం, కేంద్రం నుంచి మహావీర్ చక్ర. ఇక్కడ నాకు వ్యంగ్యం రాదు. మిగతా పంతొమ్మిది మంది దగ్గరకొచ్చేసరికే మనకి నోరు పెగలదు. వాళ్ళలో ఒక్క పేరు చెప్పమంటే నేను చెప్పలేను, మీరు చెప్పగలిగితే దండం పెడతా.

అంటే మనం ఏం చెయ్యలేదని కాదు, చాలా చేశాం. చైనా యాప్‌లు పీకేశాం, పీకేశామని చైనా ఫోన్లోంచే పోస్ట్ పెట్టాం. ఓ రెండు మూడు వారాలు బాగానే రగిలాం. తర్వాత మళ్ళీ సుశాంత్ ఇల్లున్న బాంద్రా వెళ్ళిపోయాం. సీబీఐ వచ్చింది, ఈడీ వచ్చింది, డ్రగ్స్ కేసులు చూసే ఎన్సీబీ వచ్చింది, ఎవరి వాట్సాప్‌లో ఎవరు ఏం చాట్ చేశారో దేశమంతా బట్టీపట్టింది, చివరికి సుశాంత్ గర్ల్‌ఫ్రెండ్ రియా చక్రవర్తి ఉండే బిల్డింగ్‌కి ఉత్తరాలివ్వడానికి వచ్చిన పోస్ట్‌మన్‌ని కూడా మైకులేసుకుని చుట్టుముట్టారు. దాదాపు ఐదేళ్ళకి, 2025 మార్చిలో, ఇందులో ఎవరి కుట్రా లేదని సీబీఐ తేల్చేసి ఫైలు మూసింది. గల్వాన్ ఇరవై మందిలో నాకు తెలిసింది ఒక్క మొహం. ఆ పోస్ట్‌మన్ మొహం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

టైమింగ్ కుదిరితే ఎలా ఉంటుందో కూడా చూశాం. 2025 మే, ఆపరేషన్ సిందూర్ జరుగుతోంది, మనందరం ఫోన్లలో యుద్ధం చేస్తున్నాం, లాహోర్ పడిపోయిందని మా ఫ్యామిలీ గ్రూపులో రాత్రి రెండింటికి మా పెద్దనాన్న డిక్లేర్ చేశాడు. మే 9న గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు మురళీ నాయక్ ఎల్ఓసీ దగ్గర ప్రాణం వదిలాడు. డిప్యూటీ సీఎం వచ్చాడు, మంత్రులొచ్చారు, 50 లక్షలు, 5 ఎకరాలు, 300 గజాల ఇంటి స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం. రావాల్సిందే, ఇవ్వాల్సిందే. ఆ కుర్రాడు అగ్నివీర్, అంటే నాలుగేళ్ళకని తీసుకునే స్కీమ్‌లో చేరిన జవాను. ఇన్సూరెన్స్ 48 లక్షలు వస్తుంది గానీ రెగ్యులర్ జవాను కుటుంబానికి నెలనెలా వచ్చే పెన్షన్ అగ్నివీర్ ఇంటికి రాదు. అదే గుట్ట, అదే తూటా, ఎటొచ్చీ స్కీమ్ వేరు. ఈ మాట ఆ రోజు పెట్టిన స్టేటస్‌లలో నాకు ఒక్కదాంట్లో కూడా కనపడలేదు, ఎందుకంటే దీనికి బీజీఎం సెట్ అవ్వదు.

మూడోది ఫ్యాన్ బేస్. ఒక సినిమా పెద్దాయన పోతే మన దగ్గర ఏడుపు కంటే ముందు లెక్కలు మొదలవుతాయి. ఏ హీరో ఎన్ని గంటలకి ట్వీట్ వేశాడు, ఎవరు డైరెక్టుగా ఇంటికెళ్ళారు, ఎవరు షూటింగ్ ఆపుకోలేదు, మా వాడి కళ్ళలో నీళ్ళు చూడు, మీ వాడు గాగుల్స్ తియ్యలేదు. సంతాపంలో కూడా పాయింట్స్ టేబుల్ ఉన్న జాతి మనది. జవానుకి ఇదేదీ లేదు. అతని కోసం కొట్టుకునేవాడు ఒక్కడూ లేడు, ఎందుకంటే అతను కొట్టుకున్నది మనందరి కోసం కదా, అలా అందరి కోసం చేసినవాడికి పర్సనల్ ఫ్యాన్స్ ఉండరు, ఇది వాళ్ళు జాయినయ్యే ముందే ఆలోచించుకోవాల్సింది.

బ్రిటిష్ వాడు దొంగ, దోపిడీదారు, ఒప్పుకుంటా. కానీ వాడు తన యుద్ధంలో చచ్చిన మనోళ్ళ కోసం 1931కల్లా ఇండియా గేట్ కట్టేసి పేర్లు చెక్కించాడు. మనం మన యుద్ధాల్లో పోయిన మనోళ్ళకి ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం కట్టుకుంది 2019 ఫిబ్రవరి 25న. అప్పటికి పాతిక వేలకి పైగా పేర్లు పోగయ్యాయి గోడ ఎక్కడానికి. హడావిడి దేనికి, వాళ్ళెలాగూ ఎక్కడికీ పోరు. హీరోయిన్ అయితే ఇంత నాన్చుతామా, బాపట్ల జిల్లా ఆలపాడులో సమంతకి ఒక్క అభిమాని సొంత ఖర్చుతో గుడి కట్టాడు 2023లో, ఆవిడ నిక్షేపంగా ఉండగానే.

ఇంతా రాసి జవాన్లని మనం అస్సలు పట్టించుకోమంటే అబద్ధమవుతుంది. బతికున్న జవాను విలువ తెలుగోడికి తెలిసినంత ఎవడికీ తెలీదు. మా బాబాయి 24 ఏళ్ళు చేసి హవల్దార్‌గా రిటైర్ అయ్యాడు. ఊళ్ళో ఆయన ఏ యుద్ధంలో ఉన్నాడో, చెవి ఎందుకు సరిగ్గా వినపడదో అడిగినవాడు ఒక్కడు లేడు గానీ నెల మొదటివారంలో ఆయన క్యాంటీన్‌కి ఎప్పుడెళ్తాడో మాత్రం రెండు వీధులకి తెలుసు. "బాబాయ్, ఈసారి రమ్ము వచ్చిందా?" అదీ పలకరింపు. మిలిటరీ అనే మాట పక్కన మనకి సహజంగా వచ్చి కూర్చునేవి రెండే, ఒకటి మందు, రెండోది హోటల్. నవంబర్ వచ్చిందంటే ఆయన తను బతికే ఉన్నట్టు వేలిముద్ర వేసి గవర్నమెంటుకి సర్టిఫికెట్ పంపాలి, లేకపోతే పెన్షన్ ఆగుతుంది. ఊళ్ళోవాళ్ళకి ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు, సీసా వచ్చిందంటే మనిషి ఉన్నట్టే లెక్క.

సరే, ఇక ఫోటో సంగతి, ఇది నా కళ్ళారా చూసింది. మా పక్క మండలం కుర్రాడొకడు రెండేళ్ళ కింద కశ్మీర్‌లో పోయాడు. ఆ సాయంత్రం నేను ఫ్లెక్సీ షాపులో వేరే పని మీద ఉన్నా. నలుగురొచ్చారు, పన్నెండు బై ఎనిమిది కావాలి, పొద్దున బాడీ వచ్చేలోపు సెంటర్లో కట్టాలి. షాపు కుర్రాడు "హెచ్‌డీ ఫోటో ఉందా అన్నా" అన్నాడు. లేదు. వాట్సాప్‌లో వచ్చిన పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఒకటి, దాని మీద సగం ఆఫీసు స్టాంపు. కుర్రాడు నేర్పరి, స్టాంపు చెరిపేసి వెనక మంచుకొండ పెట్టాడు, పైన విమానాలు మూడు పెట్టాడు, "అశృనివాళి" అని కొట్టాడు. "శ కింద రావత్తు కదా తమ్ముడూ" అన్నా నేను. "అందరికీ ఇదే వేశాం అన్నా, ఎవరూ ఏమనలేదు" అన్నాడు.

తర్వాత అసలు పని మొదలైంది. పైన వరసలో పెద్ద నాయకులు, కుడి పక్క ఎమ్మెల్యే గారు నిలువెత్తున దండం పెడుతూ, కింద మండల ప్రెసిడెంటు, యూత్ లీడర్లు ఆరుగురు. సర్పంచ్ గారికి చోటు చాల్లేదు. వచ్చిన వాళ్ళలో ఒకడు మానిటర్ మీద వేలు పెట్టి "ఈయన్ని కొంచెం తగ్గిస్తే సరిపోద్ది కదా" అన్నాడు. ఈయన అంటే పోయినాయన. తగ్గించారు. సర్పంచ్ గారు పట్టారు.

పదిహేను రోజులకి ఆ సెంటర్లో సినిమా రిలీజ్ ఫ్లెక్సీ లేచింది. పాతది ఏమైందా అనుకున్నా గానీ మొన్న వానలో అదే సెంటర్లో టిఫిన్ బండి దగ్గర ఆగితే నెత్తిన ఉంది, పాతబడ్డా మంచుకొండ గుర్తుపట్టా. నీళ్ళు ఆగాలని బొమ్మ లోపలికి తిప్పి కట్టాడు. ఎమ్మెల్యే గారు ఉన్న వైపు చినిగిపోయింది. పొయ్యి ఆవిరికి మసిబారి ఆ కుర్రాడి మొహం మాత్రం సరిగ్గా ఇడ్లీ పాత్ర మీదకి చూస్తోంది. కింద పది మందిమి తడవకుండా నిలబడి తింటున్నాం.

"ఇంకొంచెం చట్నీ వెయ్యమంటావా అన్నా" అన్నాడు బండి అతను.

వెయ్యమన్నా.