గీత దాటకముందే బంతి వదిలేసే అలవాటు గారికి

మహారాజశ్రీ అలవాటు గారి దివ్యసముఖమునకు,

ఎదుటి జట్టు డిఫెన్స్ వాళ్లు చేసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి. ఆట పొడుగునా ఒళ్లు హూనం చేసుకున్నా మాకు చేతకాని పనిని తమరు ఒక్క చెమట చుక్క రాల్చకుండా చేసిపెడుతున్నారు. ఆ రుణం కాస్తయినా తీర్చుకుందామని ఈ ఉత్తరం.

అమెరికన్ ఫుట్‌బాల్ గురించి అంతగా తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మైదానం 100 గజాలు, రెండు కొసలా పదేసి గజాల ఎండ్ జోన్. దాని మొదట్లో 8 అంగుళాల వెడల్పున తెల్లటి గోల్ లైన్. ఆటగాడి చేతిలోని బంతి ఆ గీత ముందు అంచు దాకా వస్తే చాలు, గాల్లో ఉన్నా 6 పాయింట్లు, దాన్నే టచ్‌డౌన్ అంటారు. క్రికెట్లో క్రీజు దాటాక బ్యాటు నేలకి ఆనించాలి, ఇక్కడ ఆ కష్టం కూడా లేదు. బంతిని పట్టుకుని ఉంటే చాలు. తమరు అదొక్కటే జరగనివ్వరు.

తమరి పనితనం దగ్గర్నుంచి చూశాం. అడ్డు లేకుండా దూసుకుపోయే ఆటగాడి వేగం గంటకి 32 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ వేగంలో ఒక గజం అంటే సెకనులో పదో వంతు. వెనక ఎవరూ రావట్లేదని తేలగానే అతని తల జనం వైపు తిరుగుతుంది. పక్కటెముకలకి అదిమిపెట్టుకున్న బంతి మెల్లిగా తొడ పక్కకి దిగుతుంది. అప్పుడు మోకాలూ ఛాతీ ముందు గీత దాటతాయి, బంతి ఒంటికి వెనకబడి ఉంటుంది. నేను దాటాను కాబట్టి బంతీ దాటిందనుకుని వేళ్లు వదులవుతాయి.

ఇందులో అసలు కిటుకు తమరు నేర్పిన పట్టనితనం. టచ్‌డౌన్ తర్వాత బంతిని నేలకేసి కొట్టే స్పైక్‌ని 1965లో న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు హోమర్ జోన్స్ మొదలుపెట్టాడని చెబుతారు. డాబు అందులోనూ ఉంది, కానీ మాకు నయాపైసా లాభం లేదు. చెయ్యి పైకెత్తి కొట్టేలోపు మనిషి గీత దాటి నాలుగడుగులు పోయుంటాడు. తమరిది ఇంకా పెద్ద డాబు: ఇలాంటివి నాకు రోజూ మామూలే అన్నట్టు, చూడనైనా చూడకుండా బంతిని జారవిడవడం. ఇంత నిర్లక్ష్యంగా కనిపించాలంటే కాస్త తొందరపడక తప్పదు కదా.

కిందటి సీజన్లలో తమరు చూపిన ఔదార్యం మరువలేం. ఇండియానాపోలిస్ కోల్ట్స్‌నే తీసుకోండి. 2024 డిసెంబరులో డెన్వర్ మీద 13-7 ముందంజలో ఉండగా జొనాథన్ టేలర్ 41 గజాలు పరిగెత్తి, గీత ముందు తమరికి నైవేద్యం పెట్టాడు. ఆట 31-13తో డెన్వర్‌ది. అది చూసి ఆ డ్రెస్సింగ్ రూమంతా బుద్ధి తెచ్చుకుని ఉంటుందని బెంగపడ్డాం. 2025 సెప్టెంబరులో అదే జట్టు కుర్రాడు అడొనాయ్ మిచెల్ రామ్స్ మీద అచ్చం అదే పని చేసి మా బెంగ తీర్చాడు. ఆ ఆటా పోయింది, 27-20.

సరిగ్గా వారానికి, అక్టోబరు 5న, అరిజోనా. నాలుగో క్వార్టర్లో అక్కడి జట్టు కార్డినల్స్ 21-6తో ముందున్నారు. ఎమారి డెమెర్‌కాడో 70 గజాలు దాటి పరిగెత్తాడు. స్టేడియం లేచి నిలబడింది. రీప్లేలో చూస్తే బంతి గీతకి ఇవతలే చెయ్యి వదిలింది, దొర్లుకుంటూ ఎండ్ జోన్‌లోంచి బయటికి పోయింది. రూలు ప్రకారం అది టచ్‌బ్యాక్: పాయింట్లు సున్నా, బంతి మనకి, మన 20 గజాల గీత దగ్గర. అప్పటిదాకా గెలుపు మొహం చూడని టెనసీ టైటాన్స్ 22-21తో గెలిచారు. సైడ్‌లైన్లో అతని మీద విరుచుకుపడినందుకు కోచ్ జొనాథన్ గానన్‌కి సొంత జట్టే లక్ష డాలర్ల జరిమానా వేసింది. ఒక గజానికి ఇంత ధర పలికించడం తమరికే చెల్లింది.

తమరి కుటుంబం మీద కూడా మాకు గౌరవమే. ముఖ్యంగా తమ్ముడుగారు, గంతులేసి మోకాలు విరగ్గొట్టుకునే అలవాటు. 2014లో షికాగో బేర్స్ 25 పాయింట్లు వెనకబడి ఉండగా లమార్ హ్యూస్టన్ అవతలి జట్టులో బంతి విసిరే రిజర్వు ఆటగాణ్ణి (క్వార్టర్‌బ్యాక్‌ని) పడగొట్టి, ఆ ఆనందంలో ఎగిరి దూకి, మోకాలి లిగమెంటు తెంపుకున్నాడు. ఆ సీజన్‌కి అంతే సంగతులు. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత ఇంత ఖరీదైన మోకాలి మీద అచ్చుపడటం అరుదు.

అయితే తమరు జాగ్రత్తపడాల్సిన మనుషులు కొందరున్నారు. డెట్రాయిట్ లయన్స్ బ్యారీ శాండర్స్ పరిగెత్తి 99 టచ్‌డౌన్లు చేశాడు. చేశాక బంతిని రిఫరీ చేతిలో పెట్టి వెనక్కి వచ్చేసేవాడు. రిఫరీకి అందేదాకా బంతి చేతిలోనే ఉంటే తమరికి చొరబడే సందేదీ?

ఇంకొకడు మావైపు మనిషే అయిపోయాడు. 1993 జనవరిలో లీగు ఫైనల్, అంటే సూపర్ బౌల్‌లో డాలస్ 52, బఫెలో 17. ఆట చివరికొచ్చింది. డాలస్ లియాన్ లెట్ జారిన బంతి అందుకుని 64 గజాలు పరిగెత్తి, గీత ముందు వేగం తగ్గించి, బంతిని పక్కకి చాపి చూపించాడు. 35 పాయింట్లు వెనకబడిన జట్టువాడు, ఇక పరిగెత్తినా ఒరిగేదేమీ లేదని తెలిసినవాడు, డాన్ బీబీ, వెనకనుంచి వచ్చి ఆ చేతిలోంచి బంతిని కొట్టి ఎగరగొట్టాడు. సూపర్ బౌల్‌లో అత్యధిక స్కోరు 55 రికార్డు ఆ ఒక్క దెబ్బతో బతికిపోయింది. ఆ పరుగు చూశాక మాలో కూడా కొందరు సిగ్గుపడి పరిగెత్తడం మొదలుపెట్టారు, కాబట్టి తమరి ఘనతలో కొంచెం వాటా పోయినట్టే.

2017లో ఈ ఆట నడిపే లీగు (ఎన్‌ఎఫ్‌ఎల్) మనసు మార్చుకుని గీత దాటాక గుంపుగా డాన్సులు చేసుకోవచ్చు, బంతితో ఆటలాడుకోవచ్చు అంది. ప్రత్యర్థి మొహం మీదికెళ్లి వెక్కిరిస్తే మాత్రం 15 గజాల శిక్ష మామూలే. ఒక్క గజం ఓపిక పడితే ఇంత స్వేచ్ఛ ఉండగా కూడా తమరి భక్తులు తగ్గకపోవడం మాకు ఆశ్చర్యమే.

చివరిగా ఒక చిన్న మనవి. 2008 సెప్టెంబరులో డాలస్ మీద ఫిలడెల్ఫియా డిషాన్ జాక్సన్ ఇలాగే చేశాడు గానీ బంతిని వెనక్కి వదిలాడు. అది గీతకి ఇవతల పడి ఉంది. మావాళ్లు టచ్‌డౌన్ అయిపోయిందనుకుని వెంటనే వంగి తీసుకోలేదు. రీప్లే చూసి టచ్‌డౌన్ రద్దు చేసినా బంతి ఫిలడెల్ఫియాకే 1 గజం దగ్గర మిగిలింది, మరుసటి ప్రయత్నంలోనే బ్రయన్ వెస్ట్‌బ్రూక్ గీత దాటించేశాడు. కనుక ఇకమీదట దయచేసి ముందుకే వదిలించండి. బంతి దానంతటదే దొర్లి ఎండ్ జోన్ బయటికి పోతే మేం వంగాల్సిన పని కూడా ఉండదు.

ఇట్లు,
20 గజాల గీత దగ్గర తమరి కోసం కాచుకుని ఉన్న
డిఫెన్స్ వాళ్లు