లోకల్ వాళ్లే కదా అని కబుర్లు మొదలుపెట్టకండి

శనివారం రాత్రి శాన్ హోసేలో ఒక చిన్న క్లబ్బులో బ్లూస్ (అమెరికా నల్లజాతి వాళ్ల సంగీతం) హార్మోనికా షోకి వెళ్లొచ్చాను. ముందు ఐదుగురు లోకల్ ప్లేయర్లు, తలా రెండు పాటలు. ఆఖర్న పోస్టర్ మీద పెద్దక్షరాల పేరున్నాయన. ఆ ఐదుగురికీ పట్టింది మన పెళ్లిళ్లలో సన్నాయి గతే. గట్టిమేళం అన్నప్పుడు తప్ప ఆయనక్కడ ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు చూడండి, అలా. పైగా మా టేబుల్ దగ్గర కూర్చున్న మన తెలుగాయన, "మౌత్ ఆర్గానే కదండీ, తిరునాళ్లలో కొనుక్కునేవాళ్లం" అన్నాడు. ఒళ్లు మండింది.

అవునండీ, అదే. పది రంధ్రాలు, ఇరవై రీడ్లు (గాలికి కంపించి పలికే సన్నటి రేకులు), చొక్కా జేబులో పట్టేస్తుంది. జర్మనీలో హోనర్ వాళ్లు 1896లో మెరీన్ బ్యాండ్ మోడల్ తెచ్చినప్పుడు దాంతో బ్లూస్ వాయిస్తారని కలలో కూడా అనుకుని ఉండరు. అమెరికాలో నల్లజాతి కళాకారులు దాన్ని వాయించే తీరునే తిరగేశారు. సి శ్రుతి హార్ప్ (హార్మోనికాకి ముద్దుపేరు) తీసుకుని జి శ్రుతిలో వాయిస్తారు. అప్పుడు కీలకమైన స్వరాలు ఊదితే కాదు, ఊపిరి పీలిస్తే పలుకుతాయి. పీలుస్తూ నాలుకా గొంతూ సర్దితే స్వరం కిందికి జారుతుంది. మూడో రంధ్రం మీద అంతర గాంధారానికీ సాధారణ గాంధారానికీ మధ్య ఎక్కడో ఊగుతుంటే, గమకం విన్న చెవి ఎలా ఊరుకుంటుందో నాకర్థం కాదు.

మూడో ఆయనకి అరవై దాటే ఉంటాయి. మొదటి పాట మధ్యలో ఒక రీడ్ మొరాయించింది. హార్ప్‌ని అరచేతిలో రెండుసార్లు తట్టి ఉమ్మి దులిపాడు. పలకలేదు. బ్యాండ్ ఆగలేదు. అదే శ్రుతిది ఇంకోటి పెట్టెలోంచి తీసి, పన్నెండు బార్ల చుట్టు (బ్లూస్ పాట ఆవర్తనం) మళ్లీ మొదలయ్యేసరికి మైకుతో కలిపి దోసిట్లో బిగించి అందుకున్నాడు. రెండో పాటకి పెద్ద క్రొమాటిక్ (అన్ని స్వరాలూ పలికే హార్మోనికా) తీశాడు. చర్చిలో ఆర్గాన్ మోగినట్టు హాలంతా నిండింది. అది ఈ కాలిఫోర్నియా బాణీ. జార్జ్ 'హార్మోనికా' స్మిత్ 1950లలో లాస్ ఏంజెలెస్ చేరి నాటిన విత్తనం. విలియం క్లార్క్, రాడ్ పియాజా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. మా టేబుల్ వాళ్లు అప్పుడు ఇళ్ల రేట్ల గురించి మాట్లాడుకుంటున్నారు.

అసలు ఈ సంగీతంలో లోకల్ కానివాడెవడు? రెండో సన్నీ బాయ్ విలియమ్సన్‌కి (ఆ పేరుతో ఇద్దరు హార్మోనికా వాళ్లున్నారు) 1941లో పేరు తెచ్చింది ఆర్కన్సాలోని హెలెనా అనే చిన్న ఊరి రేడియో. మధ్యాహ్నం పూట, గోధుమ పిండి ప్రకటనల మధ్య పావుగంట ప్రోగ్రాం. లిటిల్ వాల్టర్ షికాగోలో మ్యాక్స్‌వెల్ స్ట్రీట్ సంతలో వాయించినవాడే. 1952లో అతని 'జూక్' ఎనిమిది వారాలు ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) పాటల చార్టులో మొదటి స్థానంలో ఉంది. అందులో పాట లేదు, ఉన్నదంతా హార్మోనికా వాయిద్యమే!

నిర్వాహకుల తప్పూ ఉంది. తలా రెండు పాటలంటే ఎవడైనా ఏం చేస్తాడు? తెలిసిన విద్యంతా ఎనిమిది నిమిషాల్లో కుక్కుతాడు. ఇద్దరైతే అసలు ఊపిరాడనివ్వలేదు, వాళ్లకీ మాకూ. ముగ్గుర్నే పిలవండి, తలా అరగంటివ్వండి.

ఇక ఆ తిరునాళ్ల పెద్దమనిషికి: ఈసారి మీ టికెట్ నేనే కొంటాను. ఇళ్ల రేట్లు మాత్రం పార్కింగ్ దగ్గరే తేల్చుకుని లోపలికి రండి.